అడవి పని, నేర్పుడు, అమ్ముడు మూడు ఒక్క సంఘం కింద నడుస్తయా? అమ్రాబాద్, దేవరకొండ దిక్కు వాళ్లు జర చెప్పండి

అడవి_అంచు
అందరికి నమస్తే. మాది అచ్చంపేట దిక్కు, నల్లమల అంచున ఉన్న ఊరు. మేం ఇరవై రెండు మందిమి ఒక్కటయినం, అందుల పద్నాలుగు మంది పొదుపు సంఘంల ఉన్న ఆడోళ్లు, మిగిలినోళ్లు డిగ్రీ చదివి ఇంటికాడ ఉన్న పోరగాళ్లు, ఇద్దరు పెంటల (అడవి లోపలి చెంచుల చిన్న ఊర్ల) నుంచి వచ్చే చెంచు తమ్ముళ్లు కూడ ఉన్నరు. మా ఆలోచన ఏందంటే ఊరెనక గుట్ట మీద, అడవిల సర్కారు తుమ్మ, లంటానా పొదలు కమ్మేసినయి, పశువులకు గడ్డి లేదు, దాన్ని తీసి అడవిని బాగుజేసుడు ఒక పని. ఆ పనిల్నే పోరగాళ్లకు ఏదన్న చేతిపని నేర్పుడు రెండోది. తేనె, ఇప్పపువ్వు, సీతాఫలం, మోదుగు విస్తర్లు మంచిగ తయారుజేసి శ్రీశైలం రోడ్డు మీద, హైదరాబాదుల అమ్ముడు మూడోది. వచ్చిన లాభం మళ్ల అడవికే, ఊరికే పెట్టాలె, ఎవరో ఒక్కరి జేబులకు పోవద్దు.

ఇప్పుడు అడిగేది ఏందంటే ఏది ముందు మొదలువెట్టాలె? సొసైటీనా, కంపెనీనా, ట్రస్టా? ఎవరన్న చేసి చూసినోళ్లు ఉంటే మంచి చెడు రెండూ చెప్పండి, మా మనసు నొస్తదని దాచకండి.

సంఘం_అక్క_పాలమూరు
తమ్మీ, నీ పోస్టు చదివి సంతోషమయింది, అందుకే మా కథ దాచకుండ చెప్తున్న. కొన్నేండ్ల కింద మా ఊరికి ఒక సంస్థ వచ్చింది, పేరు చెప్పను, మంచిగనే మాట్లాడిన్రు. ఫంక్షన్ హాల్ల పది రోజులు ట్రైనింగ్ ఇచ్చిన్రు, మధ్యాహ్నం భోజనం పెట్టిన్రు, ఆఖరి రోజు సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో దిగి విస్తరాకుల మిషన్ ఒకటి మా చేతిల పెట్టి పోయిన్రు. నెలన్నర నడిచింది. తర్వాత వేడిజేసే పెనం కాలిపోయింది, దాన్ని బాగుజేసేటోడు మా మండలంల లేడు, ఫోన్ చేస్తే వస్తం వస్తం అన్నరు రాలే. ఇప్పటికీ ఆ మిషన్ పంచాయతీ గదిల పాత చీర కప్పుకొని ఉన్నది, దాని పక్క నుంచి పోయినప్పుడల్ల నాకు కడుపుల దేవినట్టయితది.

అసలు ఆకు పని హాల్ల నేర్పేది కాదు. మోదుగు ఆకు మరీ ఎండితే మిషన్ల పగులుతది, పచ్చిగ ఉంటే అచ్చుకు అంటుకుంటది, పైకి మంచిగనే కనిపించి మూడో రోజుకు అడుగున బూజు పడతది. పొద్దుగూకంగ ఆకు మీద నీళ్లు చిలకరించి గోనె పట్టా కప్పి తెల్లారి తీస్తే మెత్తగ తోలు లెక్క వంగుతది, అప్పుడు ఒత్తాలె. ఇది మాకు ట్రైనింగుల ఎవరూ చెప్పలే, మా అత్తమ్మ చెప్పింది, ఆమె చీపురు పుల్లతోని విస్తర్లు కుట్టి పెండ్లిళ్లకు ఇచ్చేటిది. అంత తెలిసిన మనిషి ఇంట్లనే ఉన్నా ఆమెను ఒక్కసారి కూడ ట్రైనర్ సీట్ల కూసోపెట్టలే.

అందుకే నా మాట, మిషన్ కంటె ముందు దాన్ని బాగుజేసేటోడు ఎక్కడున్నడో చూడు, సరుకు కంటె ముందు కొనేటోడు ఎవరో చూడు.

తప్సి_చెట్టు
అన్నా నేను చెంచు పిలగాన్ని, మాది అడవి లోపలి పెంట, ఇప్పుడు హైదరాబాదుల చదువుతున్న. మీ ఆలోచన మంచిదే, ఒక్క మాట అడుగుత తప్పుగ అనుకోకండి. ఇరవై రెండు మందిల మావోళ్లు ఇద్దరే ఉన్నరు. తేనె, జిగురు తెచ్చేది మావోళ్లు అయితే వాళ్లు ఈ సంఘంల కూలోళ్లా, వాటాదారులా? ముందుగాల అది తేల్చుకోండి.

మా నాయిన తప్సి జిగురు తీస్తడు. చెట్టు తెల్లగ, నున్నగ ఉంటది, ఎండల మెరుస్తది. ఎనకట గొడ్డలితోని లోతుగ గాట్లు పెట్టేది, జిగురు జల్ది వస్తది కని రెండు మూడేండ్లల్ల చెట్టు ఎండిపోయేది. తర్వాత చిన్న కత్తితోని పైబెరడు మాత్రమే అరచెయ్యంత గీసుడు నేర్చుకున్నరు, మాను లోపలి కట్టె తగలొద్దు. మొదటి రోజు ఏం రాదు, తర్వాత బొట్టుబొట్టుగ ఉబ్బి పూసల లెక్క గట్టిపడతది. దాన్ని కింద పడనియ్యకుండ తీసి బట్ట మీద ఎండబెట్టి తెల్లది వేరు, ఎర్రది వేరు, బెరడు ముక్కలున్నది వేరు చేస్తడు. తెల్లదానికి ఉన్న ధర ఎర్రదానికి రాదు. కని సేటు వచ్చి మూడింటిని ఒక్క సంచిల పోసి ఎర్రదాని ధర కట్టి కొనుక్కపోయిన రోజు నాకు ఇంకా యాదికున్నది. ఆ రోజు మా నాయిన ఏం మాట్లాడలే, పొద్దంతా ఏరిన చేతులను ఒడిల పెట్టుకొని కూసున్నడు. మీ సంఘం ఏదన్న మంచి చెయ్యాలనుకుంటే ఆ మూడు కుప్పలకు మూడు ధరలు ఇయ్యండి, అక్కడ మొదలువెట్టండి.

అడవి_అంచు
తమ్మీ నువ్వు అన్నది నిజం, మేం దాని గురించి సరిగ్గ ఆలోచించలే. మీటింగుల పెడత. ఇంకో డౌటు, మా దిక్కు అంతా పులుల అభయారణ్యం కద, అక్కడ తేనె, ఇప్పపువ్వు తీసుడు చట్టం ఒప్పుకుంటదా? ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు.

హక్కు_పత్రం
నేను ఈ కేసులు చూస్తుంటాను కాబట్టి చెప్తాను. 2006 అటవీ హక్కుల చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా వస్తాయి. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద, అంటే తేనె, మైనం, తునికాకు, వెదురు, జిగురు ఇట్లాంటి వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు అందులో ఉంది. దానికంటే పెద్దది సామూహిక అటవీ వనరుల హక్కు, ఆ అడవిని కాపాడుకునే, మళ్ళీ పెంచుకునే, చూసుకునే అధికారం గ్రామసభకు వస్తుంది. మీరు అంటున్న అడవి పనికి అసలు పునాది ఇదే. చెంచుల లాంటి ఆదిమ గిరిజన తెగలకు ఆవాస హక్కు అని ఇంకొకటి విడిగా ఉంది. గిరిజనేతరులైతే 2005 డిసెంబర్ 13 కంటే ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడ ఉంటూ అడవి మీద ఆధారపడినట్టు చూపించాలి, మీ ఊరి వాళ్ళు చాలామందికి ఇక్కడే చిక్కు వస్తుంది.

పులుల అడవిలో ఇది కుదరదు అనేవాళ్ళకు కర్ణాటక బిళిగిరి రంగన బెట్ట చూపించండి, అక్కడ సోలిగ గిరిజనులకు టైగర్ రిజర్వ్ లోపలే 2011లో సామూహిక హక్కులు వచ్చాయి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖ అనే చిన్న గోండు ఊరు 2009లో హక్కు పత్రం తెచ్చుకుని 2011లో వెదురు తన సొంత రవాణా పర్మిట్ మీద అమ్ముకుంది. గ్రామసభ కమిటీయే పర్మిట్ ఇవ్వొచ్చని 2012లో సవరించిన నియమాల్లో స్పష్టంగా రాశారు. కాబట్టి బ్రాండ్ పేరు, లోగో తర్వాత, ముందు గ్రామసభ తీర్మానం, మ్యాపు, దరఖాస్తు. పత్రం చేతిలో లేకుండా షెడ్డు కట్టుకుంటే రేపు ఎవరైనా వచ్చి ఆపేస్తే అడగడానికి ఏమీ ఉండదు.

మాజీ_బీట్
నేను ఆ అడవిల్నే ఫారెస్ట్ బీట్ ఉద్యోగం చేసి రిటైర్ అయిన. చట్టం గురించి వాదించను, హక్కు హక్కే. కని నా కండ్లతోని చూసింది కూడ చెప్పాలె. అమ్రాబాద్ పులుల రిజర్వ్ చిన్నది కాదు, కోర్ (నడిమి అడవి), బఫర్ (దాని చుట్టున్న అంచు) కలిపితే 2,600 చదరపు కిలోమీటర్ల పైన, నాగర్‌కర్నూల్, నల్లగొండ రెండు జిల్లాలల్ల ఉంటది. ఎండాకాలం ఒక్క నిప్పు అంటుకుంటే గుట్టలకు గుట్టలు పోతయి. ఇప్పపువ్వు ఏరెటప్పుడు పువ్వు మంచిగ కనిపించాలని చెట్టు కింద ఆకులు కాలవెడతరు, గాలికి అది దాటుతది. ఉసిరికాయ కోసం కొమ్మకు కొమ్మ నరికి కిందేసి కూసోని తెంపుకున్నోళ్లను చూసిన, మరుసటేడు ఆ చెట్టుకు కాయే లేదు. మార్కెట్ పెరిగితే ఇది ఇంకా ఎక్కువయితదని నా భయం.

అడవి పని నిజంగ నేర్పుతం అంటే నేను ఉచితంగ వస్త. జనవరి, ఫిబ్రవరిల నిప్పు దాటకుండ ఫైర్ లైన్లు గీసుడు, ఆకులు ఊడ్చుడు ఎట్లనో చూపిస్త. ఇప్ప చెట్టు కింద కాలవెట్టే బదులు పాత దోమతెర అసొంటి వల పరిచి కడితే పువ్వు మన్ను లేకుండ శుభ్రంగ పడతది, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ దిక్కు అట్ల చేస్తున్నరు, పువ్వు రంగు బాగుంటది ధర కూడ ఎక్కువ వస్తది. లంటానా సంగతికి వస్తే పైన నరికితే పదింతలు లేస్తది, అది అందరికి తెలుసు. మొదలు కాడ భూమి లోపలికి రెండు మూడు వేళ్లంత దిగి వేరును కొట్టి చెట్టును తలకిందులు చేసి వదిలెయ్యాలె, మన్నుల మళ్ల వేరు దిగదు. పూత, కాయ రాకముందే తీయాలె. తీసిన జాగాల వానలకు ముందే గడ్డి విత్తనం చల్లాలె, లేకపోతే పిట్టలు వేసిన గింజలతోని మళ్ల అదే వస్తది. కనీసం మూడేండ్లు వరుసగ తిరిగి చూడాలె. ఒక్క ఏడు పని చేసి ఫొటో దిగి పోతే ఆ డబ్బులు మన్నుల పోసినట్టే. ఇంకో మాట, కోర్ ఏరియాల మీ అంతట మీరు కత్తి పట్టుకొని పోవద్దు, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుల రాతపూర్వకంగ మాట్లాడుకొని పోవాలె.

తప్సి_చెట్టు
సార్ మీరంటే గౌరవం, మీరు చెప్పిన ఫైర్ లైన్ల పనికి మా పెంటల పోరగాళ్లు ఎప్పుడూ ముందుంటరు. కని కొమ్మ నరికింది ఎందుకో కూడ చూడాలె సార్. కిలోకు ఇచ్చేది తక్కువయితే మనిషి ఎక్కువ కిలోలు తేవాలె, పొద్దుగూకే లోపల బియ్యం పైసలు రావాలంటే కొమ్మ నరికితేనే అయితది. అదే సేటు కాయను బట్టి, సైజును బట్టి మంచి ధర ఇస్తే చెట్టెక్కి ఏరేటంత ఓపిక ఎవరికైన వస్తది. ధర తగ్గినకొద్ది అడవి మీద దెబ్బ పెరుగుతది, నేను చిన్నప్పటి నుంచి చూసింది ఇదే. తేనె కూడ అంతే. మా పెద్దోళ్లు పెద్ద తేనె తీసెటప్పుడు తేనెపట్టుల పిల్లలున్న భాగం వదిలి తేనె ఉన్న తలభాగమే కోస్తరు, ఈగలు అక్కడే మళ్ల కట్టుకుంటయి. బయటి నుంచి వచ్చి రాత్రి మంట పెట్టి మొత్తం పట్టు కోసుకపోయేటోళ్లు వేరు, మావోళ్లు వేరు.

మాజీ_బీట్
బిడ్డా, నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్న. ధర సంగతి మేం ఎన్నడూ ఈ కోణంల చూడలే, మాకు కనిపించింది నరికిన కొమ్మ ఒక్కటే.

కొండాపూర్_కొట్టు
నేను హైదరాబాదులో చిన్న ఆర్గానిక్ కొట్టు నడుపుతున్నాను, మాది మిర్యాలగూడ. కొనేవాళ్ళ వైపు నుంచి రెండు మాటలు. పోయిన ఎండాకాలం ఒక గ్రూపు దగ్గర అరవై కిలోల అడవి తేనె తీసుకున్నాను, నెల తిరిగేసరికి సీసాల మూతలు ఉబ్బి నురగ వచ్చింది, వాసన పులిసింది, మొత్తం వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ గ్రూపులో వాళ్ళ మొహాలు చూసి నాకే బాధేసింది, కల్తీ ఏమీ లేదు, నీటి శాతం ఎక్కువ ఉంది అంతే. తేనెలో తేమ 20 శాతం దాటకూడదు, దాటితే పులుస్తుంది. దానికి రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టేంత పరికరం వస్తుంది, ఒక్క చుక్క వేసి కంటికి పెట్టుకుంటే అంకె కనిపిస్తుంది, మీ సంఘంలో ఇద్దరు అమ్మాయిలకు అది చూడటం నేర్పండి. పట్టును చేత్తో పిండితే పుప్పొడి, పిల్లలు, మైనం అన్నీ కలుస్తాయి. సన్నటి బట్ట మీద ముక్కలు చేసి పెట్టి దానంతట అది కారనివ్వాలి, ఒక రాత్రి పడుతుంది కానీ ఆ తేనె వేరే రంగు. వాన పడ్డాక తీసిన తేనె వేరే డబ్బాలో ఉంచండి, ఎండాకాలం దాంతో కలపొద్దు.

ఇంకోటి, ఫుడ్ రిజిస్ట్రేషన్ తీసుకోండి, లేబుల్ మీద తీసిన నెల, ఏ ప్రాంతం అన్నది రాయండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళకు ఈ తేనె ఏ చెట్టు పూతది అని తెలుసుకోవాలని ఉంటుంది. డబ్బు విషయంలో నా అనుభవం, మాలాంటి కొట్టు వాళ్ళను సగం అడ్వాన్స్ అడగండి. ఇవ్వనివాళ్ళకు సరుకు ఇవ్వొద్దు. అరువు మీద మొదలుపెట్టిన సంఘాలు సేకరించినవాళ్ళకు డబ్బులు ఆపుతాయి, అక్కడే నమ్మకం పోతుంది.

మేదరోళ్ల_బిడ్డ
ట్రైనింగ్ గురించి నేను చెప్తా. మా తాత బుట్టలు, చాటలు, గంపలు అల్లేది, మా నాయిన నేర్చుకోలే, నేను మళ్ల నేర్చుకుంటున్న. నాకు తెల్వక ముందు అనుకున్న అల్లుడే కష్టమని, కాదు, పొదల ఏ బొంగు కోయాల్నో గుర్తుపట్టుడే అసలు పని. ఈ ఏడు లేచిన కొమ్ము ముట్టొద్దు, నిరుటిది కూడ లేతగనే ఉంటది, మూడేండ్లు దాటింది తడితే గణగణ అంటది, పైన మచ్చలు వస్తయి, అది కోస్తే పొద నిలుస్తది పురుగు కూడ తక్కువ పడతది. వానకాలం కోయొద్దు. నడిమిట్ల నుంచి తీస్తే పొద ఊపిరి పీల్చుకుంటది, అంచులనే నరికితే నడుమ కుళ్లిపోతది. తాతతోని ఒక్క చలికాలం పొదల పొంటి తిరిగితే వచ్చింది ఇది, రూముల కూసుంటే రాదు.

మన సొంత చెల్కల పెంచుకున్న వెదురుకు 2017ల చట్టం మార్చిన్రు, అటవీ భూమి బయట పెరిగిన వెదురును చెట్టు లెక్కల నుంచి తీసేసిన్రు, కాబట్టి గట్ల పొంటి పెట్టుకోండి, అడవి పొదల మీద భారం తగ్గుతది. ఇంకొక్కటి గట్టిగ చెప్తున్న, నేర్చుకునే రోజులకు కూలి ఇయ్యండి. మూడు నెలలు ఊరికెనే నేర్చుకొమ్మంటే ఇంటి ఖర్చున్న పోరడు నెల తిరగకముందే హైదరాబాద్ అడ్డా మీదికి పోతడు. ముసలోళ్లకు నేర్పినందుకు కూడ ఇయ్యండి, శాలువా కప్పి పంపియ్యకండి.

సంఘం_అక్క_పాలమూరు
మేదరి తమ్ముడు చెప్పింది నా మనసుల మాట. ఇగ సొసైటీనా కంపెనీనా అంటివి కద. పది మంది వేరువేరు కుటుంబాలోళ్లు ఉంటే 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు, సర్కారు జోక్యం తక్కువ, ఒక్కరికి ఒక్క ఓటు. ఉత్పత్తిదారుల కంపెనీకి కూడ పది మంది చాలు, కని ఏటేటా ఆడిట్, ఫైలింగ్ అని సీఏకు పైసలు కట్టాలె, అమ్మకం పెద్దగ లేకుండనే అది పెట్టుకున్నోళ్లు కాయితాల ఖర్చుకే సగం అయిపోయిన్రు. ట్రస్టు అయితే లాభం సభ్యులకు పంచరాదు. నా మాట వింటే మొదటి ఏడు ఉన్న పొదుపు సంఘం ఖాతా మీదనే నడుపుండ్రి. అడవి ఫలసాయం ఏరే గిరిజన సంఘాలకు 2018ల మొదలైన వన్‌ధన్ పథకం ఉన్నది కద, 20 మంది లెక్క 15 సంఘాలు, మొత్తం 300 మంది ఒక్క కేంద్రం కింద, 15 లక్షల దాకా ఇస్తమన్నరు. పైసలు చూసి పేర్లు రాసుకోకండి, 300 పేర్లు రాసుడు అల్కగ అయితది, 300 మందికి పని చూపుడు కష్టం.

లెక్కల పుస్తకం గురించి మాత్రం నా మాట కాదనొద్దు. కాంటా అందరి ముందట పెట్టండి, జోకంగనే చీటీ రాసి చేతిల పెట్టండి, సాయంత్రానికి పైసలు ఇయ్యండి. పెంటల నుంచి పది కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషిని రేపు రమ్మనొద్దు.

గువ్వలగుట్ట_సార్
నేను చందంపేట దిక్కు బడిల పంతులును, కృష్ణా నది పక్క తండాలు మాయి. మా పిల్లల తల్లిదండ్రులు సగం మంది హైదరాబాదుల కూలి పనిల ఉంటరు, పండుగకు వస్తరు. మా దిక్కు గుట్టలల్ల సీతాఫలం దసరా నుంచి దీపావళి దాకా గంపలకు గంపలు దిగుతది, బాలానగర్ రకం అని దేశమంత పేరున్న పండు మన పాలమూరు బాలానగర్‌దే, అంత ఉండి కూడ మనోళ్లు పచ్చికాయ కోసి లారీకి ఎక్కిస్తరు. కాయ కన్ను విచ్చి గీతల నడుమ పసుపు తేలినంక కోస్తే రెండు రోజులల్ల పండుతది, ముందే కోస్తే నల్లగయి రాయి లెక్క ఉంటది. గుజ్జు తీసుడు గురించి చాలామంది అడుగుతరు, గుజ్జు గాలి తగలంగనే రంగు మారుతది, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్, ఆగని కరెంటు కావాలె. అది లేనిదే గుజ్జు జోలికి పోకండి, మొదలు పండునే మూడు సైజులు చేసి అట్ట పెట్టెల అమ్మండి.

సర్కారు తుమ్మతోని బొగ్గు కాలుస్తరు కద, మా దిక్కు చెరువు కట్టల మీద అదే బతుకుదెరువు కొందరికి. దాన్ని కూడ మీ సంఘంల కలుపుకోండి, వాళ్లను అడవి పాడుచేసేటోళ్లని తీసిపారేయకండి. కని చెరువు శిఖం (చెరువు లోపలి భూమి) నుంచే తీసుకొమ్మనండి, దేశీ తుమ్మ, చండ్ర ముట్టొద్దని రాసుకోండి.

విస్తర్ల సంగతి, 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్, థర్మాకోల్ ప్లేట్లు బంద్ అని దేశమంత రూల్ ఉన్నది. నల్లమల లోపల లోయల ఉన్న సలేశ్వరం జాతరకు చైత్ర పున్నానికి వేల మంది ఆ లోయల దిగుతరు, ఎనక ఎంత చెత్త మిగులుతదో పోయినోళ్లకు తెలుసు. అక్కడ అన్నదానం చేసేటోళ్లను ఇప్పటి నుంచే కలిసి విస్తర్ల ఆర్డర్ తీసుకోండి. కొనేటోడు ముందు దొరికినట్టయితది, అక్క చెప్పినట్టు.

అడవి_అంచు
అందరికి మస్తు థాంక్స్. నిన్న రాత్రి మా వాళ్లందరికి ఈ పోస్టులు చదివి వినిపించిన, పదిన్నర దాకా మాట్లాడుకున్నం. అనుకున్నది చెప్తున్న. ఈ ఏడు గుజ్జు, బ్రాండు, షెడ్డు ఏవీ లేవు. గ్రామసభల హక్కుల దరఖాస్తు తీర్మానం పెడతం, హక్కు_పత్రం సార్ ఫారం నింపేటప్పుడు మీకు మెసేజ్ చేస్త. సంఘంల సగం వాటా, సగం ఓట్లు పెంటలోళ్లకే అని రాసుకున్నం, మా ఊర్ల ఇద్దరికి నచ్చలే, మా అమ్మ నచ్చజెప్పింది, వాళ్లు తేకపోతే మనం అమ్మేది ఏముంది అన్నది. అమ్మేటివాటిల మొదలు తప్సి జిగురు, మూడు కుప్పలు మూడు ధరలు, కాంటా నడిబజార్ల. విస్తర్లు సలేశ్వరం కోసం. లంటానాకు ఒక్క రెండెకరాల జాగా, బీట్ సార్ చెప్పినట్టు మూడేండ్లు అదే జాగా, రేంజ్ ఆఫీసుకు కాయితం రాసినం. నేర్చుకునేటోళ్లకు కూలి ఎక్కడి నుంచి తేవాల్నో ఇంకా తేలలే, మొదటి ఆరు మందికి మేమే తలా ఇంత వేసుకుంటున్నం.

అక్కా, ఆ మిషన్ మీ పంచాయతీల ఊరికెనే ఉన్నదంటిరి కద, మాకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసిన పిలగాడు ఒకడున్నడు. చూస్తా అంటున్నడు.

సంఘం_అక్క_పాలమూరు
రమ్మను తమ్మీ. తాళం నా దగ్గరనే ఉన్నది. పెనం ఒక్కటే పోయిందో లోపల వైరు కూడ పోయిందో చూస్తే తెలుస్తది. మా అత్తమ్మ కూడ ఉంటది, ఆకు తెచ్చి పెడత.

తప్సి_చెట్టు
అన్నా, సగం ఓట్ల సంగతి మా నాయినకు ఫోన్ల చెప్పిన. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత చిన్న కత్తులు ఎన్ని కావాలె, ఎంత మంది వస్తరు అని అడిగిండు. పండుగ సెలవులకు నేను ఇంటికి వస్తున్న, ఆరుగురిని తోలుకొని రండి, పొద్దు పొడవకముందే బయలెల్లాలె, ఎండ ఎక్కినంక చెట్టు కాడ నిలవడుడు కష్టమయితది.

మాజీ_బీట్
నేను కూడ వస్త బిడ్డా. నాకు కూడ ఆ గీత చూడాలని ఉన్నది.